దేవిడీని నిలిపేది మల్గీ కిరాయే

పాతబస్తీ చారిత్రక గృహాలు: మరమ్మతు, కిరాయి, చట్టం

హైదరాబాద్: చార్మినార్ నుంచి శాలిబండ వైపో, హుస్సేనీ ఆలం వైపో నాలుగడుగులు వేస్తే ఏదో ఒక మలుపులో ఎత్తయిన కమాను ఎదురవుతుంది. దానికి అటూ ఇటూ వరుసగా షట్టర్లు. ఒకదానిలో గాజుల దుకాణం, పక్కదానిలో కుట్టు మిషను, ఆ పక్కన ఇత్తడి సామాను. కమాను దాటి లోపలికి వెళ్తే రాతి పరుపు ముంగిలి, నడుమ ఎండిన హౌజు, చుట్టూ స్తంభాల దాలాన్లు కనిపిస్తాయి. ఒకప్పుడు ఒకే కుటుంబం నివసించిన ఆ భవంతిలో నేడు పది పన్నెండు కుటుంబాలు ఉంటాయి. కొందరు వారసులు, కొందరు కిరాయిదారులు. వీధి వైపు మల్గీల నుంచి వచ్చే కిరాయితోనే ఆ పైకప్పు ఈ ఏటి వానను ఓర్చుకోవాలి. నగరంలో మిగిలిన దేవిడీల స్థితి స్థూలంగా ఇదే.

దేవిడీని పడగొట్టి బహుళ అంతస్తుల వాణిజ్య సముదాయం కట్టడం ఒక దారి. బాగుచేసి, గదులనూ మల్గీలనూ కిరాయికి ఇచ్చి, ఆ రాబడితో భవనాన్ని పోషించుకోవడం మరో దారి. మొదటి దారిలో నడిచినవారే అధికం. రెండో దారి ఎందుకు కష్టమైందో, ఎక్కడ సాధ్యపడుతుందో, చట్టం ఎవరి పక్షాన నిలుస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గడప పేరే ఇంటి పేరు

దేవిడీ అనే మాట ఉర్దూ, హిందీల్లోని 'డ్యోఢీ' నుంచి వచ్చింది. డ్యోఢీ అంటే గడప, ప్రవేశ ద్వారం. ద్వారం పేరే కాలక్రమంలో మొత్తం భవంతికి పేరుగా నిలిచింది. ఆసఫ్‌జాహీల కాలంలో సాలార్‌జంగ్‌లు, పాయిగా ప్రభువులు, రాయ్‌రాయన్ వంశీకులు, మహారాజా కిషన్‌ప్రసాద్ వంటి ఉమ్రావులు కొలువుకు సమీపంలో కట్టించుకున్న పట్టణ నివాసాలివి. తోటల నడుమ ఒంటరిగా నిలిచే మహళ్లకూ దేవిడీలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. దేవిడీ వీధిని ఆనుకునే ఉంటుంది. ఎత్తయిన ప్రహరీ, ఏనుగు పట్టేంత దర్వాజా, లోపల ఒకదాని వెనుక ఒకటిగా ముంగిళ్లు. ముందు భాగం మర్దానా, వెనుక భాగం జనానా. అతిథులను కలిసే దివాన్‌ఖానా వీటికి నడుమ ఉంటుంది. వంటశాల, గుర్రపుశాల, నౌకర్ల గదులు ప్రహరీ వెంట అమరి ఉంటాయి.

పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో ఐరోపా పోకడలు ప్రవేశించాయి. మొగలు కమానుల పక్కన గ్రీకు స్తంభాలు, రంగు అద్దాల కిటికీలు, ఇనుప నగిషీ కటకటాలు చేరాయి. హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్‌జా దేవిడీ ముఖభాగం ఈ మిశ్రమ శైలికి చక్కని ఉదాహరణ. అయితే ముఖభాగం ఏ శైలిలో ఉన్నా లోపలి ముంగిలి మాత్రం మన మండువా లోగిలికి దగ్గరి చుట్టమే. వెలుగు, గాలి, వాన నీరు మూడూ ఇంటి నడిబొడ్డు నుంచే వస్తాయి. ఈ ఒక్క అంశాన్ని మరచి బాగుచేయబోయిన చోటల్లా పని చెడింది.

మల్గీ ఎలా పుట్టింది

వీధి వైపు గోడను చిన్న చిన్న దుకాణాలుగా విడగొట్టి కిరాయికి ఇవ్వడం నగరానికి కొత్త కాదు. తెలంగాణ జిల్లాల్లో మడిగె అని పిలిచేదాన్నే రాజధానిలో మల్గీ అంటారు. కింద వ్యాపారం, పైన నివాసం అనే పద్ధతి ప్రభుత్వ ప్రణాళికగా మారింది మాత్రం 1908 వరదల తరువాతే. ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేల మందిని పొట్టనబెట్టుకుంది. నగరాన్ని పునర్నిర్మించేందుకు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. ఇరుకు వీధులను వెడల్పు చేసి, పత్తర్‌గట్టిలో రోడ్డుకు ఇరువైపులా రాతి కమానుల వరుసను నిర్మించింది. కింద మల్గీలు, పైన నివాస గృహాలు, మల్గీల ముందు ఎండావానా తగలకుండా నడిచే కాలిబాట. ఇప్పటికీ అత్తరు, ముత్యాలు, పెళ్లి బట్టల బేరానికి జనం అక్కడికే వెళ్తున్నారంటే ఆ నమూనా ఎంత గట్టిదో అర్థమవుతుంది.

దేవిడీల మల్గీల చరిత్ర వేరు. అది అవసరం నుంచి పుట్టింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఊళ్ల నుంచి వచ్చే శిస్తు ఆగిపోయింది. వందల మంది నౌకర్లతో నడిచిన ఇళ్లకు పైకప్పు గచ్చు వేయించే స్తోమత కూడా లేకపోయింది. దాంతో గుర్రపుశాల గోదాము అయింది. ప్రహరీ వెంట ఉన్న నౌకర్ల గదులకు వీధి వైపు తలుపులు పెట్టి మల్గీలు చేశారు. దివాన్‌ఖానాలో బడులు, కళాశాలలు, ప్రభుత్వ కార్యాలయాలు కిరాయికి దిగాయి. ఆ తరువాత వారసత్వ పంపకాలు. మూడు తరాల్లో వాటాదారులు ఇద్దరి నుంచి ఇరవై మందికి పెరిగారు. ఎవరి వాటాలో పైకప్పు కారితే వారే చూసుకోవాలన్న లెక్క వచ్చింది. కానీ మిద్దె మాత్రం అందరికీ ఒకటే. వాటాలుగా పంచుకోవడానికి వీలున్నది నేలే గానీ దూలం కాదు.

1976 నాటి పట్టణ భూ పరిమితి చట్టం ఈ స్థితికి ఆజ్యం పోసింది. విశాలమైన ముంగిళ్లు, తోటలు ఉన్న యజమానులకు ఖాళీ స్థలం చూపడమే భయమైంది. తోటలు ప్లాట్లయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ చట్టం రద్దును 2008లో స్వీకరించింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

నేలమట్టమైనవి

దివాన్ దేవిడీ కథ అందరికీ తెలిసిందే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో అవివాహితుడిగా మరణించారు. ఆయన సేకరించిన కళాఖండాలతో 1951 డిసెంబరులో ఆ భవంతిలోనే మ్యూజియం ప్రారంభమైంది. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కట్టిన ప్రస్తుత భవనానికి తరలింది. కళాఖండాలు బతికాయి, వాటిని పోగుచేసిన ఇల్లు బతకలేదు. నేడు అక్కడ బట్టల టోకు బజారు ఉంది. పాత వైభవానికి గుర్తుగా దర్వాజా మిగిలింది.

చార్మినార్ సమీపంలోని మాల్వాలా ప్యాలెస్ మాల్వాలా వంశీకులది. చెక్క నగిషీకి పేరొందిన ఆ భవంతిని 1845లో నిర్మించారు. వారసత్వ కట్టడాల జాబితాలో ఉండి కూడా 2000లో దానిలో అధిక భాగం కూలింది. ఆ చోట వాణిజ్య సముదాయం లేచింది. జాబితాలో పేరు ఎక్కడం ఒక్కటే ఇంటిని కాపాడదని నగరం తెలుసుకున్నది అప్పుడే. యజమానిని నిందించడం తేలిక. కానీ ఆ ఇంటిని నిలుపుకొనేందుకు ఏటా ఎంత ఖర్చవుతుందో, అందులో ఎంత ఎవరు భరిస్తారో ఏ జాబితాలోనూ రాయలేదు.

మరమ్మతు పైనుంచి మొదలవ్వాలి

దేవిడీ బాగుచేత అనగానే చాలామంది ముఖభాగానికి రంగు వేయించడంతో మొదలుపెడతారు. ఇది తలకిందుల పద్ధతి. పాత ఇంటికి ప్రథమ శత్రువు నీరు. అది పైకప్పు నుంచి దిగుతుంది, పునాది నుంచి ఎక్కుతుంది. కనుక మొదట చూడాల్సింది మిద్దె, తూములు. ఆ తరువాత గోడల మొదళ్లు. రంగు చిట్టచివరిది.

ఈ ఇళ్ల మిద్దెలు రెండు రకాలు. పాతవి టేకు దూలాలు, వాటిపై దంతెలు, ఆపై ఇటుక, సున్నపు గచ్చు. ఇరవయ్యో శతాబ్దికి చేరువలో కట్టినవాటిలో ఇనుప గర్డర్ల నడుమ ఇటుక కమానులో, రాతి పలకలో కనిపిస్తాయి. దూలం మధ్యలో ఎంత గట్టిగా ఉన్నా గోడలో దూరిన తల భాగమే ముందుగా చెడుతుంది. గోడ తేమ అక్కడే చేరుతుంది, చెద అక్కడే పడుతుంది. మొత్తం దూలాన్ని తీసేయాల్సిన పని లేదు. చెడిన తలను కోసి, అదే జాతి కొత్త కర్రను అతికి, బోల్టులతో బిగిస్తే మరో రెండు తరాలు మోస్తుంది. ఈ పని తెలిసిన వడ్రంగులు తగ్గిపోవడం వల్లే చాలా ఇళ్లలో దూలాలు ఊడబీకి స్లాబు పోస్తున్నారు. మట్టి, సున్నంతో కట్టిన గోడలపై ఆ బరువు పడటం వల్ల కొన్నాళ్లకే నిలువు పగుళ్లు వస్తాయి.

గోడ పగుళ్లలో మొలిచే రావి మొక్క మరో ముప్పు. పైన కోసేసినంత మాత్రాన అది చావదు. ప్రతి వానకూ వేరు లోపలే లావెక్కి రాతిని పక్కకు నెడుతుంది. వేరు ఎంతవరకు పోయిందో అంతవరకు గోడ విప్పి, తీసి, మళ్లీ కట్టడమే మార్గం. ఖర్చుకు జంకి ఏటా కొమ్మలు మాత్రమే నరికించే ఇళ్లు ఎన్నో.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు సిమెంటు. గోడలు సున్నంతో కట్టినవి. సున్నపు పూత గాలి పీల్చుకుంటుంది, గోడలోని తేమను బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుతుంది. వెళ్లే దారి లేక పైకి పాకి, ఉప్పుపూతగా మారి, లోపలి ఇటుకను పొడి చేస్తుంది. పైన చూస్తే సిమెంటు పూత నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకరోజు పెచ్చుగా ఊడి పడినప్పుడు వెనుక గోడ లేదని తెలుస్తుంది.

సున్నం పని నిదానంగా సాగుతుంది. రాతిసున్నాన్ని నీటిలో విరిపించి వారాల తరబడి నానబెట్టాలి. ఇసుక, సుర్కీ అనే ఇటుక పొడి కలిపి గానుగలో నూరాలి. కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీరు కలుపుతారు. పట్టు కోసం జనపనార పీచు వేయడం కూడా ఉంది. నునుపైన తుది పూతకు చలువరాతి పొడి, గుడ్డు తెల్లసొన వాడిన సంప్రదాయమూ ఉంది. పూత వేశాక రోజుల పాటు తడపాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ అది నెలల తరబడి గట్టిపడుతుంది. చార్మినార్ మీనారులపై నాలుగు వందల ఏళ్లకు పైబడిన గచ్చు పని నేటికీ నిలిచిందంటే ఆ నిదానమే కారణం. గుత్తేదారుకు తొందర, కిరాయిదారుకు ఇంకా తొందర. సున్నానికి మాత్రం ఆ తొందర పట్టదు.

ఒక ఇల్లు, పది వాటాలు

భవనం గట్టిపడ్డాక దాన్ని కిరాయి వాటాలుగా మలచడం మరో విద్య. దేవిడీని ఆధునిక అపార్ట్‌మెంటులా గోడలు కట్టి విడగొట్టబోతే ముంగిలి మూసుకుపోతుంది, లోపలి గదులు చీకటి కొట్లవుతాయి. పాత నిర్మాణంలోనే విభజన గీతలు ఉన్నాయని గుర్తించడం మేలు. ప్రతి దాలానూ, దాని వెనుక గదీ కలిస్తే సహజంగానే ఒక వాటా అవుతుంది. మర్దానా, జనానాలకు మొదటి నుంచీ వేర్వేరు ద్వారాలు ఉన్నాయి. ముంగిలి, హౌజు, మెట్లు ఉమ్మడిగానే ఉంచాలి.

చిక్కంతా మరుగుదొడ్ల దగ్గర వస్తుంది. పాత ఇళ్లలో అవి ఇంటికి దూరంగా, వెనుక ప్రహరీ వద్ద ఉండేవి. నేడు ప్రతి వాటాకూ లోపలే కావాలంటారు. మేడపై చెక్క దూలాల మిద్దెపై స్నానపు గది కట్టడమంటే దూలానికి నీళ్లు పోసి పెంచడమే. నీటి గదులన్నిటినీ ఒకే వైపు, ఒకదానిపై ఒకటిగా, కొత్త పునాదిపై విడిగా కట్టి పాత గోడకు ఆనించడం మేలైన పద్ధతి. గొట్టాలు గోడలో దాచకుండా బయటే కనబడేలా ఉంచాలి. చూపుకు కొంత ఇబ్బందే అయినా కారినప్పుడు తెలుస్తుంది. నీటి ట్యాంకులను మిద్దె మధ్యలో పెట్టడం మానుకోవాలి. వేయి లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే ఒక టన్ను. పాతబస్తీలో ఏ మిద్దె ఎక్కినా ఇలాంటివి మూడు నాలుగు కనిపిస్తాయి.

కరెంటు తీగలది మరో కథ. ప్రతి మల్గీదారూ తన మీటరు నుంచి తనకు నచ్చిన చోట తీగ లాగుతాడు. ఎండిన టేకు, పాత తెరలు, నిల్వ సరుకు, వదులు తీగ ఒకే చోట చేరితే ఏం జరుగుతుందో చెప్పనవసరం లేదు. ఇరుకు గల్లీల్లోకి అగ్నిమాపక శకటం రావడమూ కష్టమే. మీటర్లన్నీ దర్వాజా పక్కన ఒకే చోట అమర్చి, ప్రతి వాటాకూ విడి గొట్టంలో తీగ వేయించడం బాగుచేతలో తప్పనిసరి అంశంగా ఉండాలి. మల్గీలో రసాయనాలు, టపాసులు వంటి సరుకు నిల్వ చేయరాదని ఒప్పంద పత్రంలోనే రాసుకోవడం ఉత్తమం.

కిరాయి చట్టంలోని మెలిక

ఇక అసలు పీటముడి. తెలంగాణలో కిరాయి వివాదాలకు ఆధారం 1960 నాటి భవనాల (లీజు, కిరాయి, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం. కిరాయి ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి అప్పగించడం, యజమానికి నిజమైన స్వంత అవసరం ఏర్పడటం వంటి కారణాలు నిరూపిస్తేనే కిరాయిదారును ఖాళీ చేయించవచ్చు. నిర్ణీత కిరాయికి మించి పగిడీ వంటి పేర్లతో సొమ్ము తీసుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. మల్గీల బేరాల్లో మాత్రం పగిడీ మాట వినబడనిదే పొద్దు గడవదు. నగరంలో ఈ వివాదాలను రెంట్ కంట్రోలర్ విచారిస్తారు. అప్పీలు సిటీ స్మాల్ కాజెస్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి వద్దకు, అక్కడి నుంచి రివిజన్ హైకోర్టుకు వెళ్తుంది. తండ్రి వేసిన దావాలో కొడుకు సాక్ష్యం చెప్పిన సందర్భాలు పాతబస్తీలో వింత కాదు.

2005 సవరణ రెండు ముఖ్యమైన మార్పులు తెచ్చింది. నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించి కిరాయి ఉన్న భవనాలు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలకు మించినవి చట్ట పరిధి నుంచి తొలగాయి. అలాగే కొత్తగా కట్టిన లేదా గణనీయంగా పునర్నిర్మించిన భవనాలకు 15 ఏళ్ల పాటు మినహాయింపు లభించింది. చూడటానికి ఇది బాగుచేసే యజమానికి ప్రోత్సాహమే. అయితే భవనంలో అధిక భాగం కొత్తగా కడితేనే అది గణనీయమైన పునర్నిర్మాణం కిందికి వస్తుంది. ఉన్న దూలాన్ని అతికించి, ఉన్న గోడకు సున్నం పూసి కాపాడిన దేవిడీకి ఆ నిర్వచనం వర్తించడం కష్టం. పడగొట్టి కట్టినవాడికి మినహాయింపు, నిలబెట్టినవాడికి లేదు. వారసత్వ కట్టడాలను కాపాడాలని ఒక శాఖ కోరుతుంటే మరో చట్టం ఇలా పలకడం విచిత్రం.

దీని ప్రభావం ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత లెక్కతో చూద్దాం. దర్వాజాకు ఇరువైపులా ఎనిమిది మల్గీలు ఉన్నాయనుకుందాం. నాలుగింటిలో రెండు తరాలుగా ఉన్న కిరాయిదారులు నెలకు 800 రూపాయల చొప్పున ఇస్తున్నారు. మిగిలిన నాలుగు కొత్త ఒప్పందాలు, నెలకు 15,000 చొప్పున. పాత నాలుగూ కలిపి 3,200 రూపాయలు. కొత్త మల్గీ ఒక్కటే అంతకు నాలుగు రెట్లకు మించి ఇస్తోంది. మొత్తం రాబడి నెలకు 63,200, ఏడాదికి 7,58,400 రూపాయలు. ఇందులో ఆస్తి పన్ను పోవాలి, వాటాదారుల వంతులు పోవాలి. మిగిలినదానితో మిద్దె గచ్చు వేయించాలి. ఎనిమిదీ పాత కిరాయిలే అయితే ఏడాది మొత్తం కలిపి 76,800 రూపాయలు. ఆ సొమ్ముతో ఒక్క గది పైకప్పు బాగుచేయించడమూ గగనమే.

అలాగని పాత కిరాయిదారును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. యాభై ఏళ్లుగా అదే మల్గీలో బేరం పెంచుకున్న కుటుంబానికి ఆ చిరునామాయే ఆస్తి. పైకప్పు కారితే చాలాచోట్ల స్వంత ఖర్చుతో బాగుచేయించుకున్నది వారే. ఖాళీ చేసి వెళ్తే మళ్లీ రానిస్తారన్న నమ్మకం వారికి లేదు. చట్టంలో దీనికి ఒక ఏర్పాటు ఉంది. 12వ సెక్షను కింద మరమ్మతుల కోసం భవనాన్ని స్వాధీనం చేసుకోదలచిన యజమాని, పని పూర్తయ్యాక అదే కిరాయిదారుకు తిరిగి ఇస్తానని హామీ ఇవ్వాలి. ఈ సెక్షనును ఇరుపక్షాలూ నమ్మితే సగం తగవులు తీరుతాయి. ఒకేసారి అందరినీ ఖాళీ చేయించకుండా రెండేసి మల్గీల చొప్పున బాగుచేయడం, అంతవరకు ముంగిలిలోని గదుల్లో తాత్కాలిక చోటు చూపడం వంటి రాజీలు కోర్టు బయట కుదిరే వీలుంది. బాగుచేతకు అయిన ఖర్చును బట్టి కిరాయి ఎంత పెరుగుతుందో పని మొదలుకాక ముందే కాగితంపై రాసుకోవాలి.

ఒప్పందాల విషయంలో మరో మాట. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే 11 నెలల పత్రం రాసుకునే అలవాటు స్థిరపడింది. కానీ బాగుచేసిన మల్గీలో కిరాయిదారు తన సొమ్ముతో అల్మారాలు, దీపాలు అమర్చుకుంటాడు. అతనికి 11 నెలల భరోసా చాలదు. అటువంటి చోట రుసుము చెల్లించి అయిదారేళ్ల లీజును రిజిస్టరు చేయించుకోవడమే ఇద్దరికీ శ్రేయస్కరం.

వానాకాలం నోటీసు

ఏటా తొలకరికి ముందు మహానగరపాలక సంస్థ శిథిల భవనాలను గుర్తించి, 1955 నాటి చట్టంలోని 456వ సెక్షను కింద నోటీసులు జారీ చేస్తుంది. ప్రాణరక్షణకు ఇది అవసరమే. గోడ కూలి నిద్రలోనే కుటుంబాలు బలైన ఉదంతాలు నగరానికి తెలుసు. అయితే నోటీసులో 'శిథిలం' అనే ఒక్క మాటకు ఇంటి భవితవ్యాన్ని మార్చే శక్తి ఉంది. ఒక గది మిద్దె కుంగితే మొత్తం దేవిడీ శిథిలమని రాస్తే, కిరాయిదారులను పంపించాలనుకునే యజమానికి అది వరమవుతుంది. నిజంగా ప్రమాదంలో ఉన్న భాగాన్ని కూడా ఖాళీ చేయనంటూ కిరాయిదారు మొండికేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. సున్నపు కట్టడాల గురించి తెలిసిన ఇంజనీరు పరిశీలించి, ఏ భాగం ప్రమాదకరమో, ఏ భాగాన్ని ఊతకర్రలతో నిలపవచ్చో విడివిడిగా రాస్తే ఈ రెండు ముప్పులూ తప్పుతాయి.

వారసత్వ నిబంధనలు

హైదరాబాద్‌లో చారిత్రక కట్టడాలకు తొలి పట్టణ రక్షణ 1995లో వచ్చింది. ఆ ఏడాది చివర జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. జాబితాలోని కట్టడాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ సలహాపై అనుమతి తీసుకోవాలి. 1998లో 130కి పైగా కట్టడాలతో జాబితా వెలువడింది. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. ఫక్రుల్‌ముల్క్ నిర్మించిన ఇర్రంమంజిల్‌ను కూల్చి శాసనసభ భవనం కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. నగర వారసత్వ కేసుల్లో ఆ తీర్పును నేటికీ ఉదహరిస్తారు.

ఈ నిబంధనలు చాలామంది యజమానులకు ఆంక్షలుగానే కనిపించాయి. ఇంటిని కూల్చొద్దన్నారు, నిలిపేందుకు సొమ్ము ఇవ్వలేదు. దీనికి విరుగుడుగా అభివృద్ధి హక్కుల బదిలీ, అంటే టీడీఆర్ పద్ధతికి భవన నిబంధనల్లో చోటు కల్పించారు. తన స్థలంలో కట్టగలిగీ కట్టకుండా వదులుకున్న విస్తీర్ణానికి యజమాని పత్రం పొంది, దాన్ని మరోచోట కట్టుకునే వారికి అమ్ముకోవచ్చు. ఊహ చక్కనిదే. కానీ ఇరవై మంది వాటాదారులున్న ఇంటికి పత్రం ఎవరి పేరిట ఇవ్వాలన్నదే మొదటి ప్రశ్న. పంపకం తేలని దేవిడీ టీడీఆర్ గడప తొక్కలేదు. ముందు కుటుంబంలో రాతపూర్వక ఒప్పందం కుదరాలి. వారసులు కలిసి ట్రస్టుగానో, భాగస్వామ్య సంస్థగానో ఏర్పడితే బ్యాంకు రుణానికీ, కిరాయి ఒప్పందాలకూ ఒకే సంతకం సరిపోతుంది.

నిలిచినవి ఎలా నిలిచాయి

నిజాముల పట్టణ ప్రాసాదమైన చౌమహల్లా పునరుద్ధరణ అనంతరం 2005లో ప్రజలకు తెరుచుకుంది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం అందుకుంది. అక్కడ రాజకుటుంబం శ్రద్ధ ఉంది, ట్రస్టు ఉంది, ప్రవేశ రుసుము ఉంది. ప్రతి దేవిడీకీ అవి దొరకవు.

సామాన్య యజమానికి దగ్గరి పాఠం మొజంజాహీ మార్కెట్లో ఉంది. అది ఇల్లు కాదు, బజారు. కానీ కిరాయి మల్గీలతో నిండిన చారిత్రక కట్టడం. ఏడో నిజాం రెండో కుమారుడు మొజంజా పేరిట సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు 1935లో నిర్మించిన ఈ నల్లరాతి మార్కెట్ గడియారపు గోపురం దశాబ్దాల పాటు రేకుల షెడ్లు, బోర్డుల చాటున పడి ఉంది. పునరుద్ధరణలో షెడ్లు తొలగించారు, రాతిని శుభ్రం చేశారు, కప్పులకు నీరు దిగకుండా పని చేశారు. 2020 ఆగస్టు 14న మార్కెట్ మళ్లీ ప్రారంభమైంది. ఐస్‌క్రీము దుకాణాలతో సహా పాత వ్యాపారులు అక్కడే కొనసాగారు. ముఖభాగం బాగుపడితే బేరం తగ్గదని ఆ ముంగిలిలో సాయంత్రం పూట కుర్చీ కోసం వేచి ఉండే జనమే సాక్ష్యం.

సర్దార్ మహల్‌ది ఈ రెంటికీ నడుమ దారి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1900లో సర్దార్ బేగం కోసం చార్మినార్ చేరువలో కట్టించిన ఈ ఐరోపా శైలి భవనాన్ని ఆస్తి పన్ను బకాయిల కింద 1965లో నగరపాలక సంస్థ స్వాధీనం చేసుకుంది. దశాబ్దాల పాటు కార్యాలయంగా వాడింది. 2022లో దీనిని సాంస్కృతిక కేంద్రంగా తీర్చిదిద్దే పనులకు శంకుస్థాపన జరిగింది. పన్ను కట్టలేక రాజభవనం చేజారిన ఈ ఉదంతం, కిరాయి రాబడి లేని చారిత్రక గృహానికి ఏమవుతుందో చెప్పకనే చెబుతుంది.

ఇంటివారు చూసుకోవాల్సినవి

దేవిడీలో వాటా ఉన్నవారు మరమ్మతుకు పూనుకునే ముందు కొలతలతో సహా ప్రతి గది నక్షా గీయించి, ఫోటోలు తీయించుకోవాలి. ఎవరు ఏ గదిలో ఏ హక్కుతో ఉన్నారో, ఎప్పటి నుంచి ఎంత కిరాయి ఇస్తున్నారో ఒకే పట్టికలో రాసుకోవాలి. రసీదు లేని కిరాయికి ఇకనైనా రసీదు ఇవ్వడం మొదలుపెట్టాలి. అది కిరాయిదారుకు ఎంత రక్షణో యజమానికీ అంతే. మల్గీగా వాడుతున్న భాగానికీ నివాస భాగానికీ ఆస్తి పన్ను లెక్క వేరుగా ఉంటుంది కనుక పన్ను రికార్డుల్లో వినియోగం సరిగా నమోదైందో లేదో చూసుకోవాలి. కట్టడం జాబితాలో ఉంటే పని మొదలుకు ముందే అనుమతికి దరఖాస్తు చేయాలి.

పనికి అనువైన కాలం దసరా తరువాతే. మిద్దె విప్పేది కార్తికంలో అయితే సున్నం ఆరడానికి చలికాలమంతా దొరుకుతుంది. నడివేసవిలో పూసిన పూత తేమ త్వరగా పోయి బీటలు వారుతుంది, తడిగోనెలు కప్పి పూటపూటకూ నీళ్లు చల్లాల్సి వస్తుంది. వైశాఖం దాటాక మిద్దె విప్పితే మృగశిర కార్తె నాటికి ఇల్లు నెత్తిన కప్పు లేకుండా నిలుస్తుంది. డబ్బు ఒకే విడతకు చాలకపోతే ఈ ఏడు మిద్దె, తూములు మాత్రం చేయించి, గోడలను వచ్చే ఏటికి వాయిదా వేయవచ్చు. తూము గొట్టం వీధి మల్గీ కప్పు మీద కాక నేరుగా కాలువలో పడేలా చూసుకోవాలి. అక్కడ కారిన నీటితోనే పాతబస్తీలో చాలా కేసులు మొదలయ్యాయి.